మసక వలయం కనిపిస్తే సూపర్‌నోవా అవశేషం అని రాసేయొచ్చా?

ఆర్ద్ర_77: మన పాలపుంతలో జాబితాకెక్కిన అవశేషాలు, అంటే పేలిపోయిన నక్షత్రాలు వదిలిన వాయు వలయాలు, 300 పైచిలుకు మాత్రమే. ఉండాల్సినవి వెయ్యికి పైనే అని అంచనా. మిగతావి ముసలివైపోయి, విస్తరించి, వెలుగు పలచబడి వెనకాల ఆకాశంలో కలిసిపోయాయి. రేడియో చిత్రంలో మసక వలయం ఉండి, అదే చోట ఇన్‌ఫ్రారెడ్‌లో ధూళి వెలుగు లేకపోతే చాలు, అవశేషం అని రాసేయాలంటాను.

వేగుచుక్క: రాయకూడదు. స్పెక్ట్రమ్ ఏది, అంటే ఫ్రీక్వెన్సీ మారితే వెలుగు ఎలా మారుతోందన్న లెక్క? అయాన్లుగా మారిన హైడ్రోజన్ మేఘం కూడా వలయంలాగే ఉంటుంది.

ఆర్ద్ర_77: 2019లో ఆస్ట్రేలియాలోని ఎండబ్ల్యూఏ రేడియో టెలిస్కోప్‌తో ఒకేసారి 27 అవశేషాలు చూపించారు కదా మేడమ్!

వేగుచుక్క: వాళ్లు 72 నుంచి 231 మెగాహెర్ట్జ్ దాకా చూశారు, స్పెక్ట్రమ్ ఉంది. నేననేదీ అదే.

పడమటి గాలి: హోయింగా అనే అవశేషం 2021లో ముందు ఎక్స్‌రేలో దొరికింది. తర్వాత పాత రేడియో సర్వేలు తిరగేస్తే అక్కడే ఉంది. 4.4 డిగ్రీల వెడల్పు!

ఆర్ద్ర_77: సరే, పుణె దగ్గర చాలా డిష్షులున్న జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్‌లో రెండు ఫ్రీక్వెన్సీల్లో చూసి స్పెక్ట్రమ్ తీస్తే ఒప్పుకుంటారా?

వేగుచుక్క: అక్కడే నేను దెబ్బతిన్నాను. పీహెచ్‌డీలో దాదాపు అర డిగ్రీ వలయం ఒకటి దొరికింది. 325 మెగాహెర్ట్జ్‌లో గుండ్రంగా, నిండుగా ఉంది. 610లో పగిలిన గాజు ముక్కల్లా అక్కడక్కడా అంచులే మిగిలాయి. లెక్క కడితే ఇండెక్స్, అంటే ఫ్రీక్వెన్సీ పెరిగితే వెలుగు ఎంత తగ్గుతుందో చెప్పే అంకె, మైనస్ 0.9. మేఘమైతే సున్నా దగ్గర ఉండాలి, అందుకే అవశేషం అనుకున్నాం. మా గైడ్ పేపర్ పంపేయమన్నారు. నిజానికి డిష్షుల మధ్య దూరం అంతే ఉండగా ఫ్రీక్వెన్సీ పెరిగితే, విశాలంగా పరుచుకున్న వెలుగు పట్టుకు దొరక్క జారిపోతుంది. విశాలమైన వెలుగునీ పట్టే ఒకే పెద్ద డిష్ (సింగిల్ డిష్) డేటా కలిపి చూస్తే మైనస్ 0.1. మామూలు హైడ్రోజన్ మేఘం! ఏడాదిన్నర పోయింది.

ఆర్ద్ర_77: మీకు ఒకసారి అలా జరిగిందని అందరూ ఆగిపోవాలా?

పడమటి గాలి: అన్నా, కాస్త నెమ్మది.

ఆర్ద్ర_77: నెమ్మదిగా ఉండే నష్టపోయాను. నా వలయాన్ని "స్పెక్ట్రమ్ లేదు" అని రివ్యూలో తిప్పికొట్టారు. ఎనిమిది నెలలకి వేరే బృందం అదే వలయాన్ని అనుమానిత అవశేషంగా అచ్చేసుకుంది. వాళ్ల దగ్గరా స్పెక్ట్రమ్ లేదు.

వేగుచుక్క: ఇది ముందే చెప్పాల్సింది. అనుమానితం అని వేసుకోండి, నేను అడ్డు చెప్పను. నా భయం వేరే. ఆ పట్టీ తీసుకుని ఇంకొకరు "అనుమానిత" అన్న మాట తీసేసి, పాలపుంతలో ఎన్నేళ్లకో పేలుడు అని లెక్క కడతారు. అప్పుడు నా మేఘంలాంటివి కూడా చచ్చిన నక్షత్రాల లెక్కలోకి వెళ్తాయి.

ఆర్ద్ర_77: అది లెక్క కట్టేవాళ్ల తప్పు. వెతికేవాడు దానికి ఎందుకు ఆగాలి?

వేగుచుక్క: వెతికేవాడు రాసిందే వాళ్లు నమ్ముతారు కాబట్టి. కోఆర్డినేట్లు పెట్టండి, సింగిల్ డిష్ మ్యాప్‌లో చూస్తాను.

ఆర్ద్ర_77: రాత్రికి పెడతాను. ఇండెక్స్ అవశేషాలకి మామూలుగా ఉండే మైనస్ 0.5 దగ్గర వస్తే మాత్రం "అనుమానిత" అని రాయను.