సమస్య: తేనెటీగ కుట్ట తీపి పుట్టె

నిర్వాహకుడు (అరండల్‌పేట, గుంటూరు)
ఫాల్గుణం వచ్చేసింది. మేడ మీద నిమ్మ చెట్టు పూతకు పొద్దున్నే తేనెటీగలు మూగాయి, ఈ ఏడాదికి ఇవే మొదలు. ఒకదాని వెనక కాళ్ళకు పుప్పొడి ముద్దలు కట్టి ఉన్నాయి, ఆ బరువుతో పక్కకు ఒరిగి ఎగురుతోంది. అది చూస్తుండగా తోచిన పాదం ఇది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి. అందరూ క్రమాలంకారం (పై పాదాల్లో ప్రశ్నలు వేసి, చివరి పాదంలో వరసగా జవాబులివ్వడం) దారి పట్టకండి, ఒక్కరు పడితే చాలు.

కొత్త సభ్యురాలు (తెనాలి)
తోట లోనఁ బూసె దోసపూ లెన్నియో
సీతాకోక చిలుక చేరి వాలె
మొదటి తుమ్మెదలకు మురిసె నా మనవఁడు
తేనెటీగ కుట్ట తీపి పుట్టె

బ్రాడీపేట మాస్టారు
అమ్మా, మూడో పాదం హాయిగా ఉంది. రెండో పాదం మొదట్లోనే గణం పోయింది. ‘సీతాకోక’ కాదు, ‘సీతకోక’ అనండి, ఒక్క దీర్ఘం తీస్తే సరి. ‘సీ’కి ‘చే’ యతి బాగా పడింది, దాన్ని కదపకండి. ఇక సమస్య సంగతి. మనవడు మురిశాడు సరే, కుట్టింది ఎవరిని? నాలుగో పాదం విడిగా నిలబడిపోయింది.

కృష్ణాతీరం (పటమట, విజయవాడ)
క్రమాలంకారం ఆ ఒక్కటీ నేనే రాస్తున్నాను.
బాలుఁ డేడ్చె నేల పాదుల కడఁ జేరి
మావి పులుపు మాన మఱియు నేమి
కలిగె ననుచు నడుగఁ గాపరి యిట్లనె
తేనెటీగ కుట్ట తీపి పుట్టె

బ్రాడీపేట మాస్టారు
‘కాపరి’ మీద మనసు పడింది. తోటకాపరి నోట ఆ రెండు జవాబులూ రావడం సహజంగా ఉంది. అయితే ‘మఱియు’ యతి కోసం వచ్చిన మాట. నా పూరణ ఇది:
పుచ్చ పూల లోనఁ బుప్పొడి మేనంట
ఆడు పూవు మీద నదియె వాల
పిందె కాయ యయ్యెఁ బెరిగెను పండయ్యె
తేనెటీగ కుట్ట తీపి పుట్టె

కృష్ణాతీరం
మాస్టారూ, ఊహ గొప్పది. పుచ్చ తీగకు మగ పూలు వేరు, ఆడ పూలు వేరు. ఈగ అటూ ఇటూ తిరిగితేనే పిందె నిలుస్తుంది. ఇంత నిజాన్ని పద్యంలోకి తెచ్చినవారు ఈ మధ్య మన దగ్గర లేరు. కానీ ఈగ పువ్వును కుట్టదు. కొండి తోక దగ్గర ఉంటుంది, తేనె పీల్చేది నాలుక. సమస్యకు ప్రాణం ‘కుట్ట’ అన్న మాటే, మీ పద్యంలో అదే అబద్ధమైపోయింది. ఇంకొకటి, ‘యయ్యెఁ బెరిగెను’ అని ‘పె’ను ‘బె’గా మార్చి సరళాదేశం చేసి, పక్కనే ‘పండయ్యె తేనెటీగ’ అని ‘తే’ను ‘దే’ చేయకుండా వదిలేశారు.

బ్రాడీపేట మాస్టారు
ఇచ్చిన పాదాన్ని ముట్టుకోకూడదని వదిలాను. చాలామంది పూరకులు అలాగే వదులుతారు.

కృష్ణాతీరం
నిరుడు ‘చిలుక రెక్క విప్పె చెట్టు నవ్వె’ అన్న సమస్యకూ ఇలాగే జరిగింది. నిమ్మ సీతాకోకచిలుక చేత జిల్లేడు మీద గుడ్లు పెట్టించారు. అది పెట్టేది నిమ్మ, కరివేపాకు, మారేడు ఆకుల మీద. జిల్లేడు మీద పెరిగేది నారింజ రంగు రెక్కలది. మా కరివేపాకు మొక్క మీద నిమ్మ సీతాకోకచిలుక చిన్న పురుగులు పిట్ట రెట్ట ముక్కల్లా ఉంటాయి, కళ్ళు పెట్టి చూస్తే గానీ తెలియవు.

మొగల్రాజపురం
జిల్లేడు సంగతి నిరుడే తేలిపోయింది కదండీ, ఈగ దగ్గరకు రండి. నా పూరణ:
పుట్ట తేనె దోచఁ బోయిన వానికి
కొండి విడిచి నేలఁ గూలె నొకటి
గూటి పిల్లలకును గూడు దక్కెను నేఁడు
తేనెటీగ కుట్ట తీపి పుట్టె

నిర్వాహకుడు
రెండో పాదం దగ్గర ఆగిపోయాను. శ్రామిక ఈగ మనిషిని కుడితే కొండి చర్మంలోనే ఉండిపోతుంది, ఈగ చచ్చిపోతుంది. అంత బాధనూ ‘నేలఁ గూలె నొకటి’ అని మూడు ముక్కల్లో చెప్పేశారు. మిగతా ఇద్దరూ వేడి తగ్గించుకోనక్కర లేదు. అవధానుల జంటలైన తిరుపతి వేంకట కవులూ కొప్పరపు కవులూ తలపడిన ఊరు మన గుంటూరు.

బ్రాడీపేట మాస్టారు
పద్యం బాగుంది. కానీ ‘గూడు’ అంటే ఇక్కడ కూడే కదా, కూడు దక్కితే తీపి మిగిలిందనాలి. ‘పుట్టె’ ఎలా కుదిరింది? ‘నేఁడు’ కూడా గణం కోసమే వచ్చింది.

మొగల్రాజపురం
పువ్వులో దొరికేది ఇంకా తేనె కాదు మాస్టారూ, పల్చటి మకరందం, సగానికి పైగా నీళ్ళే ఉండొచ్చు. ఈగలు గూట్లో రెక్కలతో విసిరి విసిరి ఆరబెడితే నీరు 18 శాతం దాకా దిగుతుంది, అప్పుడే అది తేనె. దొంగ పట్టు కోసుకుపోతే ఆ మకరందం తేనె అయ్యేదే కాదు. ఒకటి కుట్టి చచ్చింది కాబట్టే గూట్లో తీపి పుట్టింది.

కృష్ణాతీరం
అయితే ‘నేఁడు’ తీసేసి ‘గూడు దక్కెను గాన’ అనండి. గణం అదే, మీరు ఇప్పుడు చెప్పిన కారణం పద్యంలోకి వచ్చేస్తుంది. ఈ సవరణకు మాస్టారు ఏమంటారో చెప్పాలి.

బ్రాడీపేట మాస్టారు
‘గాన’ ఉంచండి. ఈ వారానికి ఇదే పద్యం.