అగరోజ్ జెల్‌లో 300 బేస్ పెయిర్ల ముక్క కనబడట్లేదు, ఎందుకు?

ప్రశ్న:
4,700 బేస్ పెయిర్ల (డీఎన్ఏ పొడవు కొలిచే యూనిట్లు) వెక్టర్‌లో, అంటే మోసుకెళ్లే డీఎన్ఏలో, 300 బేస్ పెయిర్ల ఇన్సర్ట్ (చేర్చాల్సిన ముక్క) పెట్టాను. రెండు ఎంజైములతో కోసి, 500 నానోగ్రాముల డీఎన్ఏ 1% జెల్‌లో నడిపాను. డీఎన్ఏను యూవీ కింద వెలిగించే ఎథీడియం బ్రోమైడ్ రంగు జెల్‌లోనే కలిపాను. వెక్టర్ బ్యాండ్ స్పష్టంగా ఉంది, ఇన్సర్ట్ జాడే లేదు. కోయని ప్లాస్మిడ్ (వెక్టర్, ఇన్సర్ట్ కలిసిన వలయాకార డీఎన్ఏ) లేన్‌లో రెండు బ్యాండ్లు వచ్చాయి. క్లోనింగ్ కుదరలేదనుకోవాలా? ఇంకో సందేహం: పొడవు పెరిగే కొద్దీ చార్జ్ కూడా పెరుగుతుంది కదా, మరి పెద్ద ముక్క ఎందుకు వెనకబడుతుంది?

జవాబు 1:
ముందు రెండో సందేహం. ప్రతి ఫాస్ఫేట్‌కీ నెగటివ్ చార్జ్ ఉంటుంది కాబట్టి డీఎన్ఏ పాజిటివ్ ఎలక్ట్రోడ్ వైపు వెళ్తుంది. కానీ పొడవుతో పాటు లాగే బలం ఎంత పెరుగుతుందో, ద్రవం అడ్డుకునే బలమూ అంతే పెరుగుతుంది. అందుకే జెల్ లేకుండా ఉత్త బఫర్‌లో పొడవైనవీ పొట్టివీ దాదాపు ఒకే వేగంతో పోతాయి. కరెంటు లాగుతుందంతే, వేరుచేసేది అగరోజ్ వలే. పొడవైన ముక్క ఆ రంధ్రాల్లోంచి మెలికలు తిరుగుతూ దూరాలి, పొట్టిది సులువుగా జారిపోతుంది.

జవాబు 2:
ఈ జెల్ చూసి క్లోనింగ్ పోయిందని తేల్చకండి. బ్యాండ్ వెలుగు ముక్కల సంఖ్యను బట్టి కాదు, డీఎన్ఏ బరువును బట్టి ఉంటుంది. 5,000లో 300 అంటే 6 శాతం, అంటే మీ లేన్‌లో ఇన్సర్ట్ 30 నానోగ్రాములే. పైగా ఎథీడియం పాజిటివ్ చార్జ్‌తో ఎదురు దిశలో కదులుతుంది, జెల్ అడుగున రంగు పలచబడుతుంది. సరిగ్గా అక్కడే మీ ముక్క ఉంటుంది. ఇక 1% జెల్‌లో శాంపిల్‌తో కలిపే లోడింగ్ డైలోని బ్రోమోఫినాల్ బ్లూ అనే నీలి రంగు కూడా ఇంచుమించు 300 దగ్గరే పరిగెడుతుంది. యూవీ కింద అది నల్లటి నీడలా పడి సన్నటి బ్యాండ్‌ను మింగేస్తుంది.

2% జెల్ పోయండి. డీఎన్ఏ 1 మైక్రోగ్రాము వేయండి. లోడింగ్ డైలో బ్రోమోఫినాల్ బ్లూ బదులు జైలీన్ సయనాల్ వాడండి, అది ఇంకా వెనక పరిగెడుతుంది కాబట్టి మీ ముక్కను కప్పదు. సెంటీమీటరుకు 5 వోల్టులు చాలు. ఆ దూరం జెల్ పొడవు కాదు, ఎలక్ట్రోడ్ల మధ్య కొలవాలి. నడిపాక మిల్లీలీటరుకు 0.5 మైక్రోగ్రాముల ఎథీడియంలో అరగంట నానబెట్టి, నీళ్లలో కాసేపు కడగండి. గ్లోవ్స్ తప్పనిసరి, ఎథీడియం మ్యూటజెన్, అంటే జన్యువుల్లో మార్పులు తెచ్చే పదార్థం.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. కోయని లేన్‌లో రెండు బ్యాండ్ల సంగతి?

జవాబు 1:
అది కల్తీ అనుకోనక్కర్లేదు. ఒకే ప్లాస్మిడ్ రెండు ఆకారాల్లో ఉంది. గట్టిగా మెలిపడిన సూపర్‌కాయిల్డ్ రూపం ముందుంటుంది, ఒక పోగు తెగి వదులైన వలయం వెనక ఉంటుంది. లాడర్‌లోనివి (సైజు పోల్చుకునేందుకు పక్కన నడిపే, పొడవు తెలిసిన ముక్కలు) సరళ ముక్కలు, కాబట్టి కోయని లేన్ సైజు దాంతో కొలవకండి. ఒకే చోట కోసే ఎంజైముతో ఇంకో లేన్ నడపండి. పూర్తిగా తెగితే 5,000 దగ్గర ఒక్క బ్యాండే రావాలి.