ముప్పై అయిదేళ్ల వయసులో ప్లస్ టూ, ఆపైన బీకాం: ఏ దారిలో వెళ్లడం మంచిది?

ప్రశ్న (అంబత్తూరు నుంచి)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా. 2006లో తెలుగు మాధ్యమంలో పదో తరగతి ఉత్తీర్ణురాలినయ్యాక, ఇంటి పరిస్థితుల వల్ల ఇంటర్‌లో చేరలేకపోయాను. పెళ్లయి చెన్నైకి వచ్చి పదహారేళ్లు దాటింది. ఆరేళ్లుగా షావుకారుపేటలో ఒక టోకు దుకాణంలో ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో పద్దులు చూస్తున్నాను. పని మొత్తం నా చేతుల మీదుగానే సాగుతున్నా, డిగ్రీ లేనందువల్ల అకౌంటెంటు హోదా గానీ ఆ జీతం గానీ నాకు రావడం లేదు. జీతం మాట అలా ఉంచినా, చదువు మధ్యలో ఆగిపోయిందన్న బాధ ఇన్నేళ్లుగా నన్ను వదలలేదు.

ఆరు నెలల ప్రిపరేటరీ కోర్సు చేస్తే ప్లస్ టూ లేకుండానే ఇగ్నోలో (ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో) డిగ్రీ చదవవచ్చని ఒకరు చెప్పారు. అలా కాకుండా ఓపెన్ స్కూలులో పన్నెండో తరగతి పూర్తి చేయమని మరొకరు చెబుతున్నారు. నాకు తమిళం మాట్లాడటం వచ్చు గానీ రాయడం రాదు, ఇంగ్లీషు నెమ్మదిగా చదవగలను. ఈ దారిలో నడిచినవారు ఎవరైనా ఉంటే దయచేసి సలహా ఇవ్వగలరు.

సమాధానం 1 (పెరంబూరు నుంచి)

అమ్మా, నేను నలభై ఒకటో ఏట పన్నెండో తరగతి రాసి, ఆ తరువాత డిగ్రీ పూర్తి చేశాను. కాలం కలిసివస్తుందన్న ఆశతో పన్నెండో తరగతిని దాటవేయవద్దని గట్టిగా చెబుతున్నాను. ఇగ్నో ప్రిపరేటరీ కోర్సు ఆ విశ్వవిద్యాలయపు డిగ్రీలో చేరడానికి పనికివచ్చేదే తప్ప ప్లస్ టూకు సమానం కాదు. అందులో చేరాలనుకున్నా, ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లో ఆ కోర్సు ఉందో లేదో ముందుగా చూసుకోవాలి. పైగా మనం ఉన్నది తమిళనాడులో. పది, పన్నెండు, డిగ్రీ అన్న వరుసలో చదివినవారి డిగ్రీనే ప్రభుత్వ నియామకాలకు పరిగణిస్తామని ఇక్కడి ప్రభుత్వం 2009లో ఉత్తర్వు ఇచ్చింది. ఈ రోజు మీకు ప్రభుత్వ ఉద్యోగం ఆలోచన లేకపోవచ్చు గానీ, రేపు వస్తే ఆ తలుపు మూసుకుపోయి ఉండకూడదు కదా.

మీరు అడిగిన ఓపెన్ స్కూలు, అంటే ఎన్‌ఐఓఎస్‌లో (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో) పదకొండో తరగతికి వేరే పరీక్ష లేదు. ఒక భాషతో కలిపి అయిదు సబ్జెక్టులు ఉత్తీర్ణులైతే చాలు, గణితం తప్పనిసరి కాదు. ఇంగ్లీషు, అకౌంటెన్సీ, బిజినెస్ స్టడీస్, ఎకనామిక్స్ తీసుకుని, అయిదోదిగా డేటా ఎంట్రీ ఆపరేషన్స్ పెట్టుకుంటే మీ పనికి దగ్గరగా ఉంటుంది. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మేలలోనూ అక్టోబరు-నవంబరులలోనూ జరుగుతాయి. నమోదు అయిదేళ్లు చెల్లుతుంది కాబట్టి అన్నీ ఒకేసారి రాయవలసిన అవసరం లేదు. నేను మొదటి విడతలో రెండే రాశాను. ఆ రెండూ ఉత్తీర్ణుడనైన రోజునే మిగిలినవి కూడా రాయగలనన్న ధైర్యం వచ్చింది. ఇంటి దగ్గర రాసి పంపే అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులు ఉంటాయి. వాటిని ఎవరి దగ్గరో చూసి ఎక్కించకుండా స్వయంగా రాయండి, పరీక్షకు అదే మొదటి సాధన.

సమాధానం 2 (విల్లివాక్కం నుంచి, విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు)

పై సలహాతో నేను ఏకీభవిస్తున్నాను. అయితే ట్యాలీ తెలిసినవారు అకౌంటెన్సీని సులువుగా తీసుకుని ఇబ్బంది పడటం నా తరగతుల్లో చాలాసార్లు చూశాను. మీరు ఒక వోచరు నమోదు చేయగానే ఆవర్జాలోకి (లెడ్జరులోకి) ఎక్కించడం, అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) తేల్చడం కంప్యూటరే చేసేస్తుంది. పరీక్షలో ఆ మధ్యలో జరిగే పనినే మిమ్మల్ని చేయమంటారు. చిట్టాలో (జర్నల్‌లో) పద్దు రాసి, దాని కింద వివరణ రాసి, ఖాతాలు తేల్చి, తరుగుదల సర్దుబాటు చేసి, చివరకు ఆస్తి అప్పుల పట్టీ (బ్యాలెన్స్ షీట్) రెండు వైపులా సరిపోయేలా చూపించాలి, అదీ చేత్తో, గడియారం చూసుకుంటూ.

అందుచేత ఈ వారం నుంచే ఒక రూళ్ల పుస్తకం కొనుక్కుని, దుకాణంలో ఆ రోజు జరిగిన పది లావాదేవీలను రాత్రి చేత్తో చిట్టాగా రాసి, ఆవర్జాలోకి ఎక్కించండి. ఏ ఖాతాకు డెబిట్, ఏ ఖాతాకు క్రెడిట్ అన్నది ఆరేళ్ల అనుభవం వల్ల మీ చేతికి తెలుసు, ఎందుకన్నది మాటల్లో చెప్పగలగడమే మీరిప్పుడు నేర్చుకోవలసింది. ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలో అర్థం కాని పేరాను తెలుగు అకాడమీ ఇంటర్ కామర్స్ పుస్తకంలో అదే అంశంతో పోల్చి చదవండి. జర్నల్ అంటే చిట్టా, ట్రయల్ బ్యాలెన్స్ అంటే అంకణా అని ఒక పట్టిక తయారుచేసుకుంటే రెండు నెలల్లో ఇంగ్లీషు పదాలు బెదిరించడం మానేస్తాయి.

సమాధానం 3 (ఆవడి నుంచి)

నేనూ ఇద్దరు పిల్లలతో చదివినదాన్నే, అక్కా. ఇంట్లో ప్రశాంతత దొరకడం కష్టం. సెలవు రోజుల్లో ఎగ్మూరులోని కన్నెమెరా గ్రంథాలయానికి గానీ, సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకొనే వీలున్న కోట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయానికి గానీ వెళ్లండి. మీకు లోకల్ రైలులో రానూపోనూ గంటకు పైగా దొరుకుతుంది, ఇంగ్లీషు పాఠాలన్నీ నేను ఆ రైల్లోనే చదివాను.

ప్రశ్న అడిగినవారు

మీ ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఎన్‌ఐఓఎస్‌లోనే చేరాలని నిర్ణయించుకున్నాను. నిన్న రాత్రి పది పద్దులు చేత్తో రాసి చూశాను. ఆరింటికి వివరణ రాయగలిగాను, నాలుగింటి దగ్గర ఆగిపోయాను. పదో తరగతి ధ్రువపత్రంలో ఇంటిపేరు పుట్టింటిది, ఆధార్‌లో అత్తింటిది. నమోదుకు ముందే దాన్ని సరిచేయించుకోవాలా?

సమాధానం 1 (పెరంబూరు నుంచి)

కొత్త సర్టిఫికెట్టు మీద పేరు పదో తరగతిలో ఉన్నట్లే ఉండటం క్షేమం, అమ్మా. అది మార్చే ప్రయత్నం చేయకుండా, వివాహ నమోదు పత్రాన్ని దగ్గర ఉంచుకుని, దరఖాస్తుకు ముందే ప్రాంతీయ కేంద్రంలో ఈ విషయం అడగండి. నేను పేరులో ఒక్క అక్షరం తేడా సరిచేయించుకోవడానికి మూడు నెలలు తిరిగాను.