హొసకోటె వైపు 5జీ ఎయిర్‌ఫైబర్ పెరుగుతోంది: చిన్న కేబుల్ ఆపరేటర్ ఫైబర్ లాగాలా, 5.8 గిగాహెర్ట్జ్ లింక్ పెట్టాలా?

నల్లకేబుల్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. బెంగళూరు హొసకోటె దాటాక మాలూరు రోడ్డు వైపు ఫైబర్ ఇంటర్నెట్ ఇస్తున్నాం. ఒక ఐఎస్‌పీ (ఇంటర్నెట్ కంపెనీ) కింద ఫ్రాంచైజీ. 420 కనెక్షన్లు, 8 పోర్టుల జీపాన్ ఓఎల్‌టీ (ఒక్కో ఫైబర్‌ని చాలా ఇళ్లకి పంచే ఆఫీసు యంత్రం) ఒకటి. ఆరు నెలల్లో 30 ఇళ్లు 5జీ ఎయిర్‌ఫైబర్‌కి (టవర్ నుంచి గాలిలో వచ్చే ఇంటి ఇంటర్నెట్‌కి) మారాయి.

ఆఫీసు మిద్దెకి 2 కిలోమీటర్ల దూరంలో కొత్త లేఅవుట్ పడింది. 60 ఇళ్లు వచ్చేశాయి, ఇంకో 100 సైట్లు ఉన్నాయి. దారిలో పోల్స్ లేవు, నడుమ నీలగిరి తోపు. ఈ వైర్‌లెస్ వ్యాపారం ఇలాగే పెరిగి మనల్ని మింగేస్తుందా? ఆ లేఅవుట్‌కి ఫైబర్ లాగాలా, 5.8 గిగాహెర్ట్జ్ లింక్ (రెండు మిద్దెల మీద డిష్‌లు పెట్టి గాలిలో నెట్ పంపడం) పెట్టాలా? పనిలో ఉన్నవాళ్లు లెక్కలతో చెప్పండి.

సెక్టార్ లెక్క

పెరుగుతుందన్నా, అందులో అనుమానం లేదు. 2010 వేలంలో 2.3 గిగాహెర్ట్జ్ అమ్మినప్పుడు కూడా ఇంటింటికీ గాలిలోనే బ్రాడ్‌బ్యాండ్ అన్నారు. అప్పుడు దేశమంతటికీ గెలిచిన కంపెనీకి దక్కింది సర్కిల్‌కి (సుమారు ఒక రాష్ట్రమంత టెలికాం ప్రాంతానికి) 20 మెగాహెర్ట్జ్. 2022 వేలంలో 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో (3.5 గిగాహెర్ట్జ్ అనేది ఇదే) జియో, ఎయిర్‌టెల్ సర్కిల్‌కి చెరో 100 మెగాహెర్ట్జ్‌కి తగ్గకుండా కొన్నాయి, 26 గిగాహెర్ట్జ్ దానికి అదనం. 2023 ఆగస్టులో ఢిల్లీ, ముంబైలో ఎయిర్‌టెల్, సెప్టెంబర్‌లో బెంగళూరుతో కలిపి 8 నగరాల్లో జియో మొదలుపెట్టాయి. 2025 జూన్‌లో హైదరాబాద్‌లో బీఎస్ఎన్ఎల్ కూడా దిగింది. రోడ్డు తవ్వక్కర్లేదు, రెండు గంటల్లో డబ్బా బిగించి వెళ్లిపోతారు. ఆ వేగం మనకి రాదు.

కానీ పెరుగుదలకి గోడ ఎక్కడుందో చూడు. 100 మెగాహెర్ట్జ్ ఉన్న సెక్టార్ (టవర్ మీద ఒక యాంటెనా ఒక దిక్కున కవర్ చేసే భాగం) అంతా బాగుంటే 1 జీబీపీఎస్ దగ్గరికి వెళ్తుంది. చెట్ల చాటు ఇళ్లు, దూరం ఇళ్లు కలిస్తే సగటు అందులో సగం అనుకో. అదే సగాన్ని ఆ చుట్టుపక్కల ఫోన్లన్నీ పంచుకోవాలి. ఇప్పుడు ఇంటికి నెలకి 300 జీబీ వేసుకో. రోజుకి 10 జీబీ, అందులో పదో వంతు రాత్రి 9 నుంచి 10 లోపే పోతుంది. గంటలో 1 జీబీ అంటే సగటున 2.2 ఎంబీపీఎస్. ఒక్క సెక్టార్‌లో 100 ఇళ్లు పడితే 220 ఎంబీపీఎస్. ఫోన్లకి మిగిలేది లెక్కేసుకో.

అందుకే ఒకే వీధిలో ఒకరికి కనెక్షన్ ఇచ్చి పక్కింటికి ఫీజిబుల్ కాదంటారు. సిగ్నల్ ఉంటుంది, సెక్టార్‌లో చోటే ఉండదు. నీ జీపాన్‌లో ఒక్క పోర్టు 64 ఇళ్లకి 2.5 జీబీపీఎస్ దింపుతుంది, దాన్ని ఏ ఫోనూ పంచుకోదు. నీ 420లో సగం పోతాయన్న భయం అక్కర్లేదు. ఫైబర్ లేని ఆ లేఅవుటే వాళ్లకి అసలు మార్కెట్.

26 గిగాహెర్ట్జ్ వస్తే మారదా అంటావేమో. 3.5తో పోలిస్తే అదే దూరానికి సిగ్నల్ 17 డీబీ ఎక్కువ పోతుంది (ప్రతి 10 డీబీకి బలం పదో వంతుకి పడుతుంది). వానకి పాడవుతుందని అందరూ అంటారు గానీ 300 మీటర్లలో గట్టి వాన తినేది 2 డీబీ చిల్లర. దాన్ని చంపేది ఆకు, గోడ, పూత పూసిన కిటికీ అద్దం. అపార్ట్‌మెంట్ మిద్దె మీద ఒక్క డబ్బా పెట్టి కింద ఫ్లాట్లకి వైరు దింపే పనికి బాగుంటుంది. తోపులూ తోటలూ ఉన్న మీ వైపు అది తొందరగా రాదు.

ఫ్రెనెల్

రెండో ప్రశ్నకి నేను చెప్తా.

2 కిలోమీటర్లకి 5.8లో దారి నష్టం 114 డీబీ. 5725–5875 బ్యాండ్‌లో బయటికి వదిలే మొత్తం బలం యాంటెనాతో కలిపి 36 డీబీఎం (సిగ్నల్ బలం కొలత) దాటకూడదు. 25 డీబీఐ (సిగ్నల్‌ని ఒకవైపు కేంద్రీకరించి పెంచే కొలత) డిష్ పెడితే రేడియోలో పవర్ 11కి దించాలి. అవతల కూడా అదే డిష్ ఉంటే మైనస్ 53 డీబీఎం రావాలి. మైనస్ 70–75 దగ్గర ఆగిందంటే డిష్ పక్క లోబ్ (అసలు కిరణం పక్కన ఉండే బలహీనమైన కిరణం) మీద కూర్చుందని అర్థం. నట్టు సడలించి అడ్డంగా పూర్తిగా ఒక తిప్పు తిప్పి మూడు శిఖరాలూ చూసి నడిమిదాని మీద బిగించు. నిలువు ఆ తర్వాత.

నీకు అసలు అడ్డం తోపు. నడి దారిలో ఫ్రెనెల్ జోన్ (సిగ్నల్ పోవడానికి లైను చుట్టూ ఖాళీగా ఉండాల్సిన చోటు) వ్యాసార్థం 5 మీటర్లు, అందులో 60 శాతం, అంటే 3 మీటర్లు ఖాళీగా ఉండాలి. చెట్లు 15 మీటర్లుంటే లైను 18 మీటర్ల ఎత్తున పోవాలి. నీలగిరి ఏడాదికి 2 మీటర్లు సులువుగా లేస్తుంది. రెండేళ్లకి చూసుకుంటే 22. మూడంతస్తుల మిద్దె 10 మీటర్లు, దాని మీద 6 మీటర్ల మాస్ట్ వేసినా 16 దగ్గరే ఆగుతావు. ఈ రోజు కొసల మీంచి లింక్ పడుతుంది, వచ్చే వానాకాలానికి తడి ఆకుల్లో చస్తుంది. తోపు పక్కనించి పోయే దారి వెతుకు. వాటర్ ట్యాంకో, ఎత్తయిన గోడౌనో దొరికితే రెండు గెంతుల్లో పొయ్యేది మేలు.

ఇంకో సంగతి. ఆ బ్యాండ్‌కి లైసెన్సు అక్కర్లేదు, కాబట్టి రక్షణా లేదు. ఎయిర్‌ఫైబర్ పేరుతో ఇచ్చే కనెక్షన్లన్నీ 5జీ కావు, చాలావాటికి నడిచేది ఈ 5 గిగాహెర్ట్జ్ లైసెన్సు లేని రేడియోనే. మీ ఊళ్లో ఆ డబ్బాలు పెరిగిన కొద్దీ నాయిస్ మైనస్ 90 నుంచి మైనస్ 80కి వస్తుంది. మైనస్ 53 వచ్చినా మిగిలేది 27 డీబీ, 256 క్వామ్ (రేడియో ఎక్కువ వేగంతో డేటా పంపే పద్ధతి) నిలబడదు. కొనేముందు రాత్రి 8 నుంచి 10 దాకా రెండు చివర్లా స్పెక్ట్రం స్కాన్ తియ్యి. మధ్యాహ్నం తీసిన స్కాన్ పనికిరాదు.

పోల్ మీద పిట్ట

లింక్ ఎందుకండీ, ఫైబరే లాగండి. 50 మీటర్లకొకటి అంటే 40 పోల్స్. 12 కోర్ (లోపల 12 ఫైబర్ తీగలున్న కేబుల్) వేస్తే జన్మలో మళ్లీ ఆ రోడ్డు మొహం చూడక్కర్లేదు. పర్మిషన్ లేకుండా కరెంటు పోల్స్‌కి మాత్రం కట్టకండి, కోసేస్తారు.

ఫ్రెనెల్

@పోల్ మీద పిట్ట గారూ, చివరికి ఫైబరే, కాదనను. పర్మిషన్లు తేలేలోపు 60 ఇళ్లనీ వేరేవాళ్లు ఎత్తుకుపోతారు, నా బాధ అది. 40 మెగాహెర్ట్జ్ చానెల్‌లో నికరంగా 250 ఎంబీపీఎస్ దిగుతుంది. పైవాళ్లు చెప్పిన 2.2 లెక్కన 60 ఇళ్లకి 132, హాయిగా సరిపోతుంది. 160 ఇళ్లకి 352, చాలదు. లేఅవుట్‌లో ఒక మిద్దె మీద చిన్న ఓఎల్‌టీ, బ్యాటరీ పెట్టి వీధుల్లో ఇప్పుడే జీపాన్ వెయ్యండి. ఇళ్లు 100 దాటేలోపు వెనక దారి ఫైబర్‌కి మార్చండి. ఇళ్లలో ఏ డబ్బా మార్చక్కర్లేదు.

94 ఎంబీపీఎస్

మారిపోయిన 30 ఇళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. 599కి ఓటీటీలు ఇస్తారని వెళ్తారు, జీఎస్‌టీ అదనమని బిల్లులో చూస్తారు. జియో వైర్‌లెస్‌లో నెలకి 1000 జీబీ హద్దు, అదే కంపెనీ ఫైబర్‌లో 3300. రెండు టీవీలున్న ఇంటికి ఆ తేడా నెలాఖరున తెలుస్తుంది.

తిరిగొచ్చేవాళ్ల కంప్లెయింట్లు మూడే రకాలు. ఒకటి, స్పీడ్ 94 దగ్గర గోడ కట్టినట్టు ఆగుతుంది. అది టవర్ తప్పు కాదు. మిద్దె మీద డబ్బా నుంచి దిగే కేబుల్‌లో ఒక జత తెగితే పోర్టు 100కి పడిపోతుంది. రాగి పూసిన అల్యూమినియం కేబుల్, ఆర్‌జే45 (కేబుల్ చివరి కనెక్టర్) లోకి నీళ్లు, ఇవే కారణాలు. డబ్బా కింద కేబుల్‌ని ఒక జానెడు వంపు వదిలితే నీళ్లు ఆ వంపు నుంచే కారిపోతాయి, ఆ పాటి ఓపిక ఎవరికీ ఉండదు. మీ లింక్‌కీ ఇదే వర్తిస్తుంది, 5.8 లింక్ వానలో పడిపోతే ముందు కనెక్టర్ విప్పి చూడండి.

రెండోది కరెంటు. 12 వోల్టుల మినీ యూపీఎస్ రౌటర్‌ని నిలబెడుతుంది గానీ మిద్దె మీది డబ్బాకి పీఓఈలో (నెట్ కేబుల్‌లోనే కరెంటు పంపే పద్ధతి) 48 వోల్టులు కావాలి. వైఫై గుర్తు వెలుగుతూనే ఉంటుంది, నెట్ రాదు. మూడు, సీసీ కెమెరా. పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరే ఇంటర్నెట్ అడ్రస్) ఉండదు కాబట్టి పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి కెమెరా చూసే దారి) పనిచెయ్యదు. షాపులకి, వర్క్ ఫ్రం హోమ్ వాళ్లకి స్టాటిక్ ఐపీ (మారని అడ్రస్) ఇవ్వగలిగితే ముందు వాళ్ల దగ్గరికే వెళ్లండి. ధర తగ్గించే పోటీకి మాత్రం దిగొద్దు, అందులో మనం నెగ్గం.

నల్లకేబుల్

చాలా థ్యాంక్స్ అందరికీ. ఫ్రెనెల్ గారూ, తోపు పక్కన ఒక కోల్డ్ స్టోరేజ్ ఉంది, మా మిద్దె మీంచి దాని కప్పు కనపడుతుంది. అక్కణ్ణించి లేఅవుట్ 700 మీటర్లు. ఇంకో మాట, ఈ ఏడు తోపు కొట్టేస్తామని రైతు అంటున్నాడు. కొట్టేదాకా ఆగి నేరుగా ఒకే లింక్ పెట్టొచ్చా?

ఫ్రెనెల్

ఆగొద్దన్నా. నీలగిరిని నరికినా మోడు నుంచి మళ్లీ చిగురు లేస్తుంది, ఒక్కో మోడుకి నాలుగైదు కొమ్మలు. ఖాళీ నేల చూసి లింక్ పెడితే మూడేళ్లకి మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతావు. కోల్డ్ స్టోరేజ్ వాళ్లతో మాట్లాడు. కప్పు రేకులదైతే మాస్ట్ దాని మీద వద్దు, గోడకి క్లాంప్ వేసి రెండు డిష్‌లనీ నిలువులో 2 మీటర్ల ఎడంతో కట్టు, చానెళ్లు రెండూ వేరు వేరు పెట్టు. రేకు అంచుకి దగ్గరగా పెడితే ప్రతిఫలించి సిగ్నల్ ఊగుతుంది. ఎర్తింగ్ వాళ్ల ప్యానెల్‌కి కలపకుండా నీదే ఒక రాడ్ వేరేగా పాతుదామని చూడకు, రెండు ఎర్తులూ కలిపి బాండ్ చెయ్యాలి. లేకపోతే మొదటి పిడుగుకే పోర్టు పోతుంది. స్కాన్ తీశాక ఇక్కడ పెట్టు, చానెల్ చూసి చెప్తా.