అప్‌డేట్: పిల్లలతో సూర్యలంక వెళ్లొచ్చాం

గుంటూరు నుంచి ఇద్దరు చిన్నపిల్లలతో సూర్యలంక బీచ్‌కి వెళ్లి ఒక్కరోజులో వచ్చేయొచ్చా అని అడిగాను కదా. వెళ్లొచ్చాం. చీకటితోనే బయల్దేరమన్న మాట బాగా పనికొచ్చింది. బాపట్ల నుంచి 9 కిలోమీటర్లే, ఎండ ముదరకముందే నీళ్ల దగ్గరున్నాం. కార్తీకమాసం రద్దీలో వద్దన్నారు, అందుకే మామూలు రోజే చూసుకున్నాం.

పెద్దాడికి అలలతో పరుగుపందెం. చిన్నది మాత్రం ఇసుకలో కాలు పెట్టనంటే పెట్టనని వాళ్ల నాన్న చంక దిగలేదు. ఇంతలో ఓ బుల్లి పీత బొరియలోంచి తొంగిచూసి చటుక్కున లోపలికి దూరింది. "అమ్మా, దాన్ని మళ్లీ పిలువు" అంటూ దిగి, బొరియ ముందే బోర్లా పడుకుంది. ఇక లేపడం మా వల్ల కాలేదు!

నీళ్లు మోకాళ్లు దాటనివ్వలేదు. అల వెనక్కి లాగేటప్పుడు పెద్దవాళ్ల కాళ్ల కిందే ఇసుక జారిపోతుంది, పిల్లలెంత? చెయ్యి మాత్రం వదల్లేదు.

పులిహోర, పెరుగన్నం కట్టిచ్చిన అత్తయ్యగారికి దండం. కాళ్లు కడగడానికి వేరే నీళ్ల క్యాన్ తప్పనిసరి. ఒళ్లు ఆరాక పౌడర్ చల్లితే ఇసుక ఇట్టే రాలిపోయింది, ఆ చిట్కా చెప్పినవారికి థాంక్స్.

తిరుగుదారిలో బాపట్ల భావనారాయణస్వామి గుడి చూద్దామనుకున్నాం గానీ, కారెక్కగానే ఇద్దరూ నిద్ర. నేరుగా ఇంటికొచ్చేశాం.