300 మందితో యాన్యువల్ డే, మోడర్న్ వెన్యూ కావాలంట... హైదరాబాద్‌లో ఎలా చూడాలి?

కొత్త_హెచ్ఆర్
అందరికీ నమస్కారం అండి. ఈసారి మా కంపెనీ యాన్యువల్ డే బాధ్యత నాకిచ్చారు, ఇదే మొదటిసారి. ఆఫీసు మాదాపూర్, 300 మంది, జులైలో శనివారం, మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 9 దాకా. ముందు టౌన్‌హాల్ (మేనేజ్‌మెంట్ స్టాఫ్ అందరితో మాట్లాడే మీటింగ్), తర్వాత అవార్డులు, డ్యాన్సులు, డిన్నర్. ఫంక్షన్ హాల్ లుక్ వద్దు మోడర్న్‌గా ఉండాలి అన్నారు మేనేజ్‌మెంట్. హెచ్ఐసీసీ (పెద్ద కన్వెన్షన్ సెంటర్), టీ-హబ్ (స్టార్టప్‌ల సెంటర్), ఒక స్టార్ హోటల్ బాంకెట్, శంకర్‌పల్లి వైపు ఒక రిసార్ట్ అనుకుంటున్నా. హోటల్ వాళ్లు 400 కెపాసిటీ అన్నారు, అంటే మాకు సరిపోయినట్టేనా?

స్టేజ్_లైట్స్
సరిపోదండి. ఆ 400 అనేది కుర్చీలు వరసగా వేస్తే వచ్చే లెక్క. రౌండ్ టేబుల్స్ వేసి స్టేజీ, ఎల్ఈడీ వాల్, సౌండ్ కన్సోల్, బఫే అన్నీ లోపలే పెడితే దాదాపు సగానికి పడిపోతుంది, మీ టేబుల్స్‌తో ఫ్లోర్ ప్లాన్ గీసి పంపమనండి. పిల్లర్లు ఉన్నాయా చూడండి, సీలింగ్ ఎత్తు టేపు పెట్టి కొలవండి. 3 అడుగుల స్టేజీ మీద 10 అడుగుల ఎల్ఈడీ పెడితేనే 13 అడుగులు పోయింది, పైన లైట్లు తగిలించే ట్రస్ (మెటల్ ఫ్రేమ్) ఎక్కడ పెడతారు? హెచ్ఐసీసీ మెయిన్ హాల్ వేల మందికి కట్టింది, 2017లో గ్లోబల్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ సమ్మిట్ అక్కడే జరిగింది, 300 మందికి అందులో ఒక భాగమో, చిన్న రూమో ఇస్తారా అడగండి. టీ-హబ్ 2022లో తెరిచిన బిల్డింగ్, టౌన్‌హాల్‌కి లుక్ అదిరిపోద్ది, కానీ డ్యాన్సులు డిన్నర్ కూడా అంటే ఏ ఏరియా ఇస్తారు, బయటి క్యాటరింగ్ ఒప్పుకుంటారా అని ముందే తేల్చుకోండి.

ముహూర్తం_చూస్కోండి
జులై అంటే ఆషాఢం పడుతుందేమో క్యాలెండర్ చూడండి మేడమ్, పెళ్లిళ్లు ఉండవు కాబట్టి హాళ్లు ఖాళీ, రేటు గట్టిగా బేరమాడొచ్చు. మేం రెండేళ్ల క్రితం మంచి ముహూర్తం రోజున ఒక పెద్ద హోటల్‌లో పెట్టుకున్నాం, హాల్ మధ్యలో మడత పార్టిషన్, అవతల రిసెప్షన్. 20 ఏళ్లు పనిచేసి రిటైరవుతున్న మా అకౌంట్స్ సార్ మాట్లాడుతుంటే అవతల డీజే మొదలైంది, ఒక్క మాట వినపడలేదు, ఆయన మధ్యలోనే ఆపేసి కూర్చున్నారు. ఇప్పటికీ బాధేస్తుంది. ఆ రోజు పక్క హాల్లో ఏముందో రాతపూర్వకంగా తీసుకోండి. ఇంకోటి, ఆషాఢం ఆదివారాలు బోనాలు, మీ డేట్ ఆదివారానికి జరిగితే సికింద్రాబాద్, పాతబస్తీ వైపు నుంచి వచ్చేవాళ్లకి ట్రాఫిక్ డైవర్షన్లు ఉంటాయి.

నాగోల్_టు_రాయదుర్గం
రిసార్ట్ వద్దండీ ప్లీజ్. మాకు పోయినేడు ఊరి బయట పెట్టారు, వాన, రాత్రి 10కి క్యాబ్ దొరకదు, ఆడపిల్లలం గంటన్నర గేటు దగ్గరే నిలబడ్డాం. ఉప్పల్, నాగోల్ వైపు ఉన్నవాళ్లకి బ్లూ లైన్ చివర రాయదుర్గం దాకా మెట్రో ఉంది కదా, స్టేషన్ నుంచి వెన్యూకి ఒక షటిల్ వేస్తే చాలు. మా టీమ్‌లో ఒకబ్బాయి వీల్‌చెయిర్‌లో వస్తాడు, హాల్లోకి ర్యాంప్ ఉంది గానీ స్టేజీకి లేదు, అవార్డు కింద నిలబడి ఇచ్చారు. స్టేజీకి ర్యాంప్ కావాలని ఇప్పుడే చెప్పేయండి.

స్టేజ్_లైట్స్
డబ్బు సంగతి మర్చిపోయా. ప్లేట్ రేటు చూసి ఆగొద్దు, మినిమమ్ గ్యారంటీ ఎన్ని ప్లేట్లో అడగండి, 300 అని రాసిచ్చి 240 మంది వచ్చినా 300కే బిల్లు. దాని మీద జీఎస్టీ ఎంతో, బయటి సౌండ్ వెండర్‌ని తెస్తే ఛార్జీ ఎంతో, జనరేటర్ డీజిల్ ఎవరిదో కొటేషన్‌లోనే రాయించండి. ముందురోజు రాత్రే హాల్ చేతికివ్వాలి, పొద్దున 10కి ఇస్తే 3కల్లా సెట్ అవ్వదు, రిహార్సల్ అసలే ఉండదు.

కొత్త_హెచ్ఆర్
అందరికీ చాలా థాంక్స్ అండి. రిసార్ట్ లిస్ట్‌లోంచి తీసేశా. హోటల్ వాళ్లు ప్లాన్ పంపారు, స్టేజీ పోగా 22 టేబుల్సే పట్టాయి, టేబుల్‌కి పది చొప్పున 220 మంది. డిన్నర్ పక్క హాల్లో పెట్టి ఇక్కడ కుర్చీలే వేస్తే ఎంత అవుతుందో అడిగాను. శనివారం సాయంత్రం 5కి వెళ్లి చూస్తున్నా, సౌండ్ వెండర్‌ని కూడా తీసుకెళ్తున్నా, టేపు కూడా.