ఒకరి రూమ్‌లోనే ఏసీ ఉంటే కరెంట్ బిల్లు ఎలా పంచుకోవాలి?

మేం నలుగురం ఒకే ఫ్లాట్‌లో ఉంటున్నాం, మీటర్ ఒక్కటే, బిల్లు మాత్రం బాగా ఎక్కువ వస్తోంది. ఇప్పటిదాకా సమానంగానే కడుతున్నాం కానీ ఏసీ ఒక్కడి రూమ్‌లోనే ఉంది, రాత్రంతా నడుస్తుంది, మిగతా మాకు ఫ్యానే, మరి అందరం ఒకేలా కట్టడం న్యాయమేనా చెప్పండి. గీజర్ కూడా ఎవరో ఒకరు ఆన్ చేసి వదిలేస్తారు, 2000 వాట్లది ఆగకుండా గంట నడిస్తే 2 యూనిట్లు అయిపోతాయి కదా. ఏసీ లైన్‌కి సబ్‌మీటర్ పెట్టిస్తే ఆ యూనిట్లు విడిగా తెలుస్తాయి, అవి వాడు కట్టి మిగతాది నలుగురం పంచుకుంటే బాగుంటుందని నాకనిపిస్తోంది. వాడు మంచోడే, గొడవ పడటం నాకస్సలు ఇష్టం లేదు. ఎవరైనా ఇలా చేశారా? ఓనర్‌ని ముందే అడగాలా? అసలు ఈ మాట వాడితో ఎలా మొదలుపెట్టాలి? ప్లీజ్ చెప్పండి.